నల్ల జీలకర్ర సరే, ఏ నల్ల జీలకర్ర?

సంపాదకుల వారికి,

కిందటి ఆదివారం కాక ఆ ముందటి ఆదివారం మీ ఆరోగ్య పేజీలో వచ్చిన 'నల్ల జీలకర్రతో థైరాయిడ్‌కు చెక్' కథనంపై వైద్యులెవరైనా స్పందిస్తారేమోనని ఇన్నాళ్లూ చూసి, ఎవరూ కదలకపోవడంతో నేనే రాస్తున్నాను. థైరాయిడ్ అన్నది రోగం పేరు కాదనీ, ప్రతి మనిషి గొంతులోనూ ఉండే గ్రంథి అనీ ముప్పయ్యేళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మీ డెస్కులో ఆ పాఠం విన్నవారు ఎవరూ ఉన్నట్టు లేదు.

ఆ కథనం చదివిన మా చెల్లెలు ఆరేళ్లుగా వేసుకుంటున్న థైరాక్సిన్ (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) మాత్రలను బీరువాలో పడేసి, కిరాణా కొట్టుకు మనిషిని పంపి నల్ల జీలకర్ర తెప్పించుకుంది. కొట్టువాడు కట్టి ఇచ్చినది షాజీరా. మీరు ఉద్దేశించినది కలోంజి అనే వేరే గింజ అయి ఉండాలి. మనవైపు రెండింటినీ నల్ల జీలకర్ర అనే అంటారన్న సంగతి రాసినవారికి తెలియదో, తెలిసీ అక్కర్లేదనుకున్నారో గానీ, పది రోజులుగా ఆవిడ పరగడుపున తేనెలో రంగరించుకుని తింటున్నది బిర్యానీ దినుసు. పైగా "ఒళ్లు తేలికగా ఉంది అన్నయ్యా" అంటోంది. ఎందుకుండదు? మాత్ర మానేశాక ఒంట్లోని ఆ హార్మోను సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కనుక, నీరసం, మొహం ఉబ్బడం, మలబద్ధకం వెంటనే బయటపడవు. అప్పటిదాకా పని పాత మాత్రది, పేరు దినుసుది.

కలోంజిలో ఏమీ లేదని నేననను. ఇరాన్‌లో హషిమోటో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) రోగులు 40 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 2 గ్రాముల పొడిని 8 వారాలు ఇచ్చి చూడగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను) తగ్గిందని 2016లో ప్రచురించారు. అంత చిన్న పరీక్షను పట్టుకుని 'మాత్రలతో పని లేదు' అని ఉపశీర్షిక పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో జరిపి 2013లో వెలువరించిన అధ్యయనం పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ మందగించే జబ్బు, ఉందని చెప్పింది. ఆ శీర్షిక ఎన్ని ఇళ్లలో మాత్రలు మాన్పించిందో లెక్క వేసుకోండి.

గాయిటర్‌ను (థైరాయిడ్ ఉబ్బి గొంతు వాయడాన్ని) నయం చేస్తామని మందుకు ప్రకటన ఇస్తే 1954 నాటి మాయా చికిత్సల చట్టం కింద నేరం. అదే మాటను ఆరోగ్య చిట్కాగా అచ్చు వేస్తే అడిగే నాథుడు లేడు. ఔషధ నియంత్రణ అధికారులు పేపరు చదువుతారో లేదో తెలియదు. చదివితే వారు కూడా ఈపాటికి షాజీరా తెప్పించుకుని ఉంటారు.

సవరణ వేయదలచుకుంటే ఏడో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాక, అదే ఆరోగ్య పేజీలో, అంతే పెద్ద శీర్షికతో వేయండి. రక్తపరీక్ష చేయించుకోమని నేను ఎంత బతిమాలినా మా చెల్లెలు వినడం లేదు. పేపర్లో వేశారు కదా అంటోంది.

— ఒక పాత చందాదారు, తెనాలి