తీసివేతకు మూడేళ్లా?

అయ్యా,

కొవిడ్ కాలపు 'అదనపు మరణాలు' విదేశీ కంప్యూటర్లలో పుట్టిన గాలిలెక్కలని ఒక విశ్రాంత అధికారి పోయిన వారం మీ పత్రికలో తేల్చేశారు. ఇలాంటి వ్యాసాన్ని అచ్చేసే ముందు ఎవరైనా ఒకసారి కూడికలు, తీసివేతలు సరిచూస్తే బాగుండేది.

2020, 2021ల్లో మన దేశంలో మామూలు కన్నా 47 లక్షల మంది ఎక్కువ చనిపోయి ఉంటారని జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా వేసింది. సర్కారు చెప్పిన కొవిడ్ మరణాలు 4.8 లక్షలు. మా దగ్గర జనన మరణాల నమోదు ఉండగా ఈ గణిత మోడళ్లెందుకని ఢిల్లీ పెద్దలు మండిపడ్డారు. సరే, ఆ నమోదే చూద్దాం. ఆ అంచనాకు సరిగ్గా రెండు రోజుల ముందు 2020 నమోదు నివేదికను హడావిడిగా బయటపెట్టారు కదా, రెండో వేవ్ నడిచిన 2021 నివేదిక మాత్రం 2025 మేలో గానీ ఎందుకు రాలేదు?

వచ్చాక చూస్తే ఏముంది! 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో కోటీ 2 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. ఆ ఏడాది అధికారిక కొవిడ్ మరణాలు మూడు లక్షల చిల్లర. ఇదేమీ జెనీవా నుంచి వచ్చిన లెక్క కాదు.

ఆ 21 లక్షలూ కొవిడ్ చావులేనని గోల చేసేవాళ్లదీ తప్పే. కొవిడ్ లేని 2019లో కూడా నమోదు ముందటేడు కన్నా దాదాపు 7 లక్షలు పెరిగింది, జనం నమోదు చేయించుకోవడం పెరిగింది కాబట్టి. లాక్‌డౌన్‌లో ఆగిపోయి మరుసటేడు రిజిస్టర్‌కెక్కినవీ ఉంటాయి. ఇవన్నీ తీసేసినా మిగిలేది మూడు లక్షల దగ్గర ఆగదు. పైగా అదనపు మరణమంటే వైరస్‌తో పోయినవాళ్లే కాదు, బెడ్ దొరక్క, డయాలసిస్ అందక పోయినవాళ్లూ అందులోకే వస్తారు. రోడ్లు ఖాళీగా ఉండి ప్రమాదాలు తప్పినవాళ్లు ఆ లెక్కలోంచి తగ్గుతారు. ఎవరు దేనితో పోయారో తెలియని చోట ఇంతకన్నా నిజాయితీ గల కొలత ఏముందో ఆ వ్యాసకర్తే చెప్పాలి.

మా బాబాయి 2021 మేలో ఊపిరాడక ఇంట్లోనే పోయాడు. టెస్టు లేదు, డాక్టర్ రాలేదు. కోటీ 2 లక్షల్లో ఆయన ఉన్నాడు, మూడు లక్షల్లో లేడు. దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించేవి నాలుగో వంతు కూడా ఉండవు. కొవిడ్ మృతుల కుటుంబాలకిచ్చే పరిహారం దగ్గరికొచ్చేసరికి గుజరాత్, తెలంగాణల్లో అధికారిక మరణాల కన్నా మంజూరైన దరఖాస్తులే ఎక్కువ తేలాయి. డబ్బిచ్చేటప్పుడు ఒక లెక్క, నివేదికలో ఇంకో లెక్క!

ఇక జనాభా ఎంతో తెలియకుండా మరణాల రేటు ఎలా కడతారు? 2021లో చేయాల్సిన జనగణన వాయిదా పడి, ఇప్పటికీ 2011 సంఖ్యలనే సాగదీస్తున్నాం. అంచనాలంటే గిట్టని ప్రభుత్వం తన జనాభాను తానే అంచనా వేసుకుంటోంది.

2021 నివేదిక వచ్చిన రోజు మీరూ దాన్ని లోపలి పేజీలో నాలుగు లైన్లతో సరిపెట్టారు. ఆ వ్యాసానికి ఇచ్చిన అరపేజీలో సగమిచ్చినా అందులోని రాష్ట్రాలవారీ పట్టిక మొత్తం పడుతుంది. వేయండి.

– ఒక విశ్రాంత లెక్కల మాస్టారు