పాత గ్రాఫిక్స్ కార్డులున్న లినక్స్ కంప్యూటర్ల గురించి మా వినియోగదారులకు

మా దుకాణంలో లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) వేయించుకున్న కొన్ని కంప్యూటర్లు, గత నెల అప్‌డేట్ల తర్వాత తెర నల్లబడిపోయిందంటూ తిరిగి మా దగ్గరకు వచ్చాయి. ఒక్కొక్కటీ పరీక్షించి చూస్తే కార్డులు బాగానే ఉన్నాయి. లోపం మేము చేసిన అమరికలో ఉంది.

వాటన్నిటిలోనూ ఉన్నవి జీటీ 610, జీటీ 730 వంటి, ఎన్‌విడియా కంపెనీ ఫెర్మీ అని పిలిచే పాత తరం చిప్పులున్న కార్డులు. వీటికి పనికివచ్చే చివరి ఎన్‌విడియా డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రాం) వరుస 390. దానికి కంపెనీ మద్దతు 2022తో ముగిసింది. లినక్స్‌కు మూలభాగమైన కెర్నెల్ మారినప్పుడల్లా ఈ డ్రైవర్‌ను దానికి తగ్గట్టు డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం మళ్లీ తయారుచేయాలి. కొత్త కెర్నెల్‌కు పాత కోడ్ సరిపడకపోతే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు కెర్నెల్‌తో పాటే వచ్చే నూవో అనే మరో డ్రైవర్ ఆదుకోవాలి గానీ, 390ని వేసినప్పుడే నూవోను అడ్డుకునే ఫైలు కూడా చేరుతుంది కనుక, కార్డుకు ఏ డ్రైవరూ లేకుండా పోతుంది. ఇదంతా తెలిసి కూడా కెర్నెల్ అప్‌డేట్లను నిలపకుండా మీకు కంప్యూటర్లు అప్పగించడం మా తప్పు. అందుకు క్షమాపణ కోరుతున్నాను.

జీటీ 730 విషయంలో ఇంకో చిక్కు ఉంది. అదే పేరుతో ఫెర్మీ చిప్పు ఉన్న కార్డులూ, దాని తర్వాతి తరమైన కెప్లర్ చిప్పు ఉన్న కార్డులూ అమ్ముడయ్యాయి. కెప్లర్‌కు 470 వరుస కావాలి, దానికీ 2024లో మద్దతు ముగిసింది. పెట్టె మీది పేరును బట్టి ఏదీ తేల్చలేము. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ఎల్ఎస్‌పీసీఐ (lspci) ఆదేశం ఇస్తే జీఎఫ్ 108 అని కనిపించేది ఫెర్మీ, జీకే 208 అని కనిపించేది కెప్లర్. ఇకపై ఈ వివరాన్ని బిల్లు మీదే రాసి ఇస్తాము.

తెర నల్లబడిన కంప్యూటర్లను ఉచితంగా సరిచేస్తాము, డ్రైవర్ కోసం విడిగా తీసుకున్న రుసుమును తిరిగి ఇస్తాము. టైపింగ్, లెక్కలు, ఇంటర్నెట్ వరకే వాడేవారికి నూవోనే ఉంచుతాము. అయితే ఫెర్మీ కార్డులు నూవోతో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి కనుక త్రీడీ పనులకు, ఆటలకు అది చాలదు. 390 తప్పనిసరి అన్నవారికి, ఆ డ్రైవర్ నడిచే దీర్ఘకాల మద్దతు కెర్నెల్‌ను వేసి, అది దానంతట అది మారకుండా ఆపి ఇస్తాము. ఆ కెర్నెల్‌కు గడువు తీరాక మాత్రం కార్డు మార్చక తప్పదు. ఏ పాత కార్డయినా లినక్స్‌లో నడుస్తుందని ఇంతకాలం నేను చెప్పిన మాటను ఇక చెప్పను.

దుకాణానికి వచ్చేలోగా పని ఆగకూడదనుకుంటే, కంప్యూటర్ ఆన్ కాగానే ఎస్కేప్ లేదా షిఫ్ట్ మీట నొక్కి, ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెరిచి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. చాలావరకు తెర మునుపటిలాగే వస్తుంది. రాకపోతే సీపీయూ ఒక్కటే తెచ్చి ఇవ్వండి. ఈ సమస్యకూ డిస్కులోని మీ ఫైళ్లకూ ఏ సంబంధమూ లేదు కనుక, ఫార్మాట్ చేయాలని ఎవరన్నా ఒప్పుకోకండి.