అసెంబ్లీ ప్రశ్నోత్తరాలకి జిల్లా పేజీలో అర కాలమ్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ముప్పై ఏళ్ళ పైనుంచి మీ పేపర్ మా ఇంటికొస్తోంది, ఆ చనువుతోనే రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు. అసెంబ్లీ జరిగినన్ని రోజులూ మొదటి పేజీలో ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఎవరు పోడియం దగ్గరకెళ్ళారు, ఎవరు వాకౌట్ చేశారు, ఇదే ఉంటోంది. పోయిన సమావేశాలప్పుడు గవర్నమెంట్ బడుల్లో టీచర్ ఖాళీల మీద ప్రశ్న వచ్చింది సార్ అని నాతో పనిచేసిన మేడం ఒకావిడ ఫోన్ చేసి చెప్తే, మర్నాడు పేపరంతా తిరగేశా, జిల్లా పేజీలు కూడా వదల్లేదు, మంత్రి గారు ఏం జవాబు చెప్పారో ఒక్క లైను కనపడలేదు. అదే రోజు ఇద్దరు సభ్యులు అరుచుకున్న సంగతి మాత్రం ఫోటోలతో అర పేజీ ఉంది. కడుపు మండి ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఎలక్షన్ డ్యూటీలు చాలానే చేశా, ఆఖరిది 2024 మే 13న, గుంటూరు జిల్లాలోనే ఒక పల్లెటూరి బూత్‌లో పీవోగా, అంటే ఆ బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. ముందురోజే మెటీరియల్ తీసుకుని బస్సులో వెళ్ళి ఆ బడి బెంచీల మీదే పడుకున్నాం, తెల్లారగట్ల అయిదున్నరకి ఏజెంట్ల ముందు మాక్ పోల్, కనీసం 50 ఓట్లు నొక్కి లెక్క చూపించి, అవి క్లియర్ చేసి, వీవీప్యాట్‌లో స్లిప్పులు తీసేసి, సీళ్ళు వేసి ఏడింటికి పోలింగ్ మొదలుపెట్టాం. రెండు ఓట్లు కదా, పార్లమెంటుకి తెల్ల కాగితం అంటించిన మిషన్, అసెంబ్లీకి గులాబీ రంగుది. పదింటప్పుడు ఒక ముసలావిడ మొదటి మిషన్ బటన్ నొక్కి, కూతొచ్చిందాకా ఆగి, కొంగు సర్దుకుని గుమ్మం వైపు వెళ్తుంటే, అమ్మా ఇంకోటుంది అన్నా. "ఇందాకే నొక్కాగా నాయనా, మళ్ళా ఏంది" అంది. అది ఢిల్లీకి, ఇది మన రాష్ట్రానికి అని చెప్పా. "ఓహో, ముఖ్యమంత్రికా" అని వెనక్కొచ్చి నొక్కి వెళ్ళింది. సాయంత్రం ఆరింటికి ఇంకా లైన్ ఉంటే, రూల్ ప్రకారం చిట్టచివర నిలబడ్డ మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టి ముందుకి స్లిప్పులు పంచుకుంటూ వచ్చాం, అందరూ ఓటేసి వెళ్ళేసరికి బాగా చీకటి పడింది.

ఆవిడనే కాదు, మా వీధిలో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ముఖ్యమంత్రికి ఓటేశాం అనే అంటారు. ఆ గులాబీ కాగితం మీద ముఖ్యమంత్రి అని ఏ బటనూ ఉండదండీ, మన నియోజకవర్గం తరఫున సభలో కూర్చునే ఒక్క మనిషి కోసం నొక్కుతాం, సగం ఓట్లు రావాలని కూడా లేదు, మిగతావాళ్ళ కంటే ఒక్కటి ఎక్కువొస్తే గెలిచినట్టే. అట్లా రాష్ట్రం మొత్తం మీద 175 మంది, అందులో 29 సీట్లు ఎస్సీలకి, 7 ఎస్టీలకి రిజర్వు, అసలు వెలగపూడిలో అసెంబ్లీ బిల్డింగ్ ఉన్న తాడికొండ నియోజకవర్గమే ఎస్సీ రిజర్వుడు. 88 మంది ఎవరి వెనకుంటే వాళ్ళది మెజారిటీ, వాళ్ళ నాయకుణ్ణే గవర్నర్ పిలుస్తారు. ఆ తర్వాత మంత్రులంతా కలిసి జవాబు చెప్పుకోవాల్సింది ఈ సభకే. శాసన మండలిలో 58 మంది ఉన్నా వాళ్ళు ప్రభుత్వాన్ని దించలేరు, డబ్బు బిల్లునైతే 14 రోజులకి మించి ఆపలేరు. కాబట్టి ప్రభుత్వాన్ని దించగల బలం ఈ 175 మంది చేతిలోనే ఉంది, వాళ్ళు ప్రశ్నలు అడిగారా లేదా అనేది నాకు తెలియాలి.

అడిగితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశా. టీచర్లందరికీ ఎల్ఏక్యూ, అంటే లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్, అనే మాట బాగా తెలుసు, అసెంబ్లీలో ప్రశ్న పడిందంటే పై ఆఫీసు నుంచి మెసేజ్ వస్తుంది, మోస్ట్ అర్జెంట్, సాయంత్రం లోపు వివరాలు పంపాలి అని. ఒకసారి బాత్రూముల లెక్క అడిగారు, ఆడపిల్లలకి ఎన్ని, అందులో నీళ్ళొచ్చేవి ఎన్ని, తలుపులున్నవి ఎన్ని అని. మా హెడ్మాస్టర్ గారు, నేను, అటెండరూ ఒక్కొక్క తలుపూ తోసి చూసి రాసుకున్నాం, ఒకదానికి గడియ లేదు, రెండింట్లో కుళాయి తిరగట్లేదు. మేం అర్జీల మీద అర్జీలు పెట్టినా రెండేళ్ళు పట్టించుకోనివాళ్ళు, ఆ ఒక్క ప్రశ్నతో అదే రోజు మూడుసార్లు ఫోన్ చేశారు. స్టార్ ప్రశ్న అయితే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు, స్టార్ లేనిదానికి రాతపూర్వకంగా ఇస్తారు, ఏదైనా రికార్డులో ఉండిపోతుంది. కానీ మేం లెక్కపెట్టి పంపిన ఆ తలుపుల సంగతి సభలో ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు, ఏ పేపర్లోనూ రాలేదు మరి.

బడ్జెట్ సంగతీ అంతే. 2025-26కి 3.22 లక్షల కోట్లు అని పెద్ద అక్షరాలతో వేశారు, బాగుంది. శాఖలవారీగా పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు మన ఎమ్మెల్యేల్లో ఎవరు లేచి మాట్లాడారో కూడా వేయాలి కదా. టైం చాలకపోతే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండానే ఓటింగ్‌కి పెట్టేస్తారు, గిలెటిన్ అంటారు దాన్ని, ఏ శాఖలు అట్లా వెళ్ళిపోయాయో మాలాంటివాళ్ళకి చెప్పేవాళ్ళే లేరు. సభ నడవాలంటే పదో వంతు మంది ఉండాలి, అంటే 18 మంది చాలు. అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించొచ్చు, కాకపోతే వరుసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడ్డ రోజులు ఆ లెక్కలోకి రావు, అందుకని అంత తేలిగ్గా ఎవరి సీటూ పోదు. హాజరు మీద కన్నేసి ఉంచాల్సింది మనమే.

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కి రోజూ ఎంతమంది వెళ్తారో కదా. ఆ అయ్యదేవర కాళేశ్వరరావు గారే 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మొదటి స్పీకర్. ఆయన పేరు మీద మార్కెట్ ఉన్న ఊళ్ళో, వెలగపూడికి ఇంత దగ్గర్లో ఉన్న మన రెండు జిల్లాల్లో కూడా లోపల ఏం జరిగిందో జనానికి తెలియకపోతే ఎట్లాగండీ.

నేను అడిగేది పెద్ద పని కాదు. సమావేశాలు జరిగే రోజుల్లో జిల్లా పేజీలో అర కాలమ్ చాలు. మన ఎమ్మెల్యేల్లో ఎవరు ఏ ప్రశ్న అడిగారు, మంత్రి ఏం చెప్పారు, రాతపూర్వక జవాబులో ఉన్న అంకెలేంటి, ఆ రోజు ఎవరు రాలేదు, అంతే. ఏ పార్టీ అని చూడకుండా, మంచిగా అడిగితే అదీ, అసలు నోరు తెరవకపోతే అదీ వేయండి. వచ్చే సమావేశాల మొదటిరోజు నుంచే మొదలుపెడితే, నేను రోజూ కట్ చేసి నోట్‌బుక్‌లో అంటించి మా పాత బడికి ఇచ్చొస్తా, పదో తరగతి పిల్లలు సోషల్ క్లాసులో చదువుకుంటారు, ఇప్పుడున్న సోషల్ సార్‌తో మాట్లాడే ఉంచా.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు