పాత్రను తీసుకునే ముందు అనుమతి పత్రం తీసుకోవాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఒకరు సృష్టించిన పాత్రలను మరొకరు తమ కథల్లోకి, నాటికల్లోకి, పిల్లల పుస్తకాల్లోకి తీసుకుని అచ్చు వేయించడం ఈ మధ్య మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాగా కనబడుతోంది. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి కొత్తగా రాస్తున్నవారు ముందుమాట కోసం నా దగ్గరికి తెచ్చే రాతప్రతుల్లో ఇటువంటివి తరచు ఉంటున్నాయి. వారి ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. చిన్నప్పుడు చదివి మనసులో నిలిచిపోయిన పాత్రను మన ఊరి వీధుల్లో తిప్పి చూడాలన్న కోరిక ఆ పాత్ర మీద ఉన్న ప్రేమ వల్లే పుడుతుంది. అయితే అనుమతి తీసుకున్నారా అని అడిగితే, మూలరచయిత పేరు మొదటి పేజీలోనే వేశాం కదా అనో, వేసేది 300 కాపీలే, అవీ తెలిసినవాళ్లకు పంచడానికే అనో సమాధానం వస్తోంది. ఈ రెండూ సమాధానాలు కావని నలుగురికీ తెలియాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ఏడాది నేను చదివిన ఒక రాతప్రతిలో బుడుగు నెల్లూరు వచ్చాడు. మూలాపేటలో వాళ్ల బంధువుల ఇంట్లో దిగి, రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లి, చదువు రొట్టె పట్టుకున్న పిల్లవాడితో బేరం పెట్టుకుంటాడు. రాసిన అమ్మాయికి చేయి తిరిగిందనే చెప్పాలి. కానీ బుడుగును సృష్టించిన ముళ్లపూడి వెంకటరమణ గారు 2011లో మరణించారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు రచనపై హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కకట్టాలి కాబట్టి 2071 చివరి వరకు ఆ రచనపై హక్కు ఆయన వారసులకో, వారి నుంచి హక్కులు పొందినవారికో చెందుతుంది. అంతటితో అయిపోలేదు. ఆ పుస్తకం అట్ట కోసం ఎవరి చేతనో, బుడుగుకు బొమ్మలు వేసిన బాపు గారి గీతను చూసి బొమ్మ వేయించారు. బొమ్మకు హక్కు వేరు, మాటకు హక్కు వేరు. బాపు గారు 2014లో వెళ్లిపోయారు కనుక ఆ బొమ్మల లెక్క 2074 దాకా సాగుతుంది. ఒక చిన్న పిల్లల పుస్తకానికి రెండు కుటుంబాల తలుపు తట్టాలన్నమాట.

అలాగని ప్రతి పాత్రకూ అనుమతి కావాలని భయపడనక్కరలేదు. గురజాడ వారు 1915లోనే కన్నుమూశారు. ఆయన 'కన్యాశుల్కం'లోని గిరీశాన్ని ఒంగోలు బస్టాండులో దింపి ఎవరైనా నాటిక రాసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. బారిష్టర్ పార్వతీశం సంగతి అలా కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1973లో మరణించారు కాబట్టి 2033 ముగిసేదాకా ఆగాలి, లేదా అడగాలి. ఇక భీముడూ ద్రౌపదీ అందరివాళ్లు. వాళ్లను తెలుగు చేసి మన నోళ్లలో నిలిపిన తిక్కన గారు మన నెల్లూరువారే. కానీ ఈ కాలపు రచయిత ఎవరైనా భారత కథను తిరగరాస్తూ తానుగా కల్పించి చేర్చిన పాత్ర ఉంటే, అది ఆ రచయితదే. పురాణం పేరు చెప్పి దాన్ని ఎత్తుకోవడం తగదు.

చట్టంలో 'పాత్ర' అన్న మాట విడిగా లేదు కదా అని వాదించేవారు ఉన్నారు. లేని మాట నిజమే. ఆలోచనకు, ఇతివృత్తానికి హక్కు ఉండదని, దాన్ని చెప్పిన తీరుకే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అల్లరి పిల్లవాడు, డాబుసరి లాయరు అన్నవి ఎవరి సొత్తూ కావు. కానీ పేరు, మాటతీరు, రూపం, కుటుంబం, ఊతపదాలు అన్నీ కలిసి, చూడగానే ఫలానావాడని గుర్తుపట్టేలా ఉన్న పాత్రను రచనలో భాగంగానే కోర్టులు చూస్తున్నాయి. హిందీ కామిక్స్‌లో నాగరాజ్ అనే పాత్రకు పోటీగా మరొకరు నాగేశ్ అనే పాత్రను తెచ్చినప్పుడు ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆపింది. పేరు కొంచెం మార్చినా అక్కడ లాభం లేకపోయింది. మరోవైపు, ఒక ప్రసిద్ధ మలయాళ నాటకంలోని పాత్రలనే తీసుకుని దాని రాజకీయాన్ని విమర్శిస్తూ రాసిన ఎదురు నాటకాన్ని 1996లో కేరళ హైకోర్టు అనుమతించింది. విమర్శ కోసం వాడుకోవడం వేరు, ఆ పాత్రకున్న ఆదరణ మీద మన పుస్తకాన్ని నడిపించుకోవడం వేరు.

ఉచితంగా పంచుతున్నామన్న మాటకు వస్తాను. తెలిసి చేసిన ఉల్లంఘనకు చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం కాకపోతే కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలు న్యాయమూర్తికి ఉంది. అంటే తగ్గేది శిక్షే కానీ తప్పు తప్పుకాకుండా పోదు. అదీగాక 57వ సెక్షన్ కింద, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు, కాపీరైట్‌ను అమ్ముకున్న తరువాత కూడా రచయితకు ఉంటుంది. పిల్లల పాత్ర చేత బూతులు పలికించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అనుమతి ఫోనులో 'సరే, వేసుకోండి బాబూ' అంటే వచ్చేది కాదు, కాగితం మీద ఉండాలి. ఏ పాత్ర, ఏ పుస్తకం, ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, ఈ-బుక్, ఆడియో కలిసి ఉన్నాయా, ప్రతిఫలం ఎంత అన్నవి అందులో రాయించుకోవాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి అమ్మాలనుకునేవారు ఈ ఒక్క మాట మరిచిపోతే ఇబ్బందిలో పడతారు. వారసులు నలుగురుంటే పెద్దబ్బాయి మాటతో సరిపెట్టుకోకుండా అందరి సంతకాలూ తీసుకోవడం మంచిది. రచయిత బతికి ఉండగానే హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటే అడగవలసింది ఆ ప్రచురణకర్తను.

ఇంతా చెప్పాక, రాసేవారి అసలు కష్టం గురించి కూడా చెప్పాలి. అడగాలన్న బుద్ధి ఉన్నవారికి ఎవరిని అడగాలో తెలియడం లేదు. మన తెలుగు పుస్తకం ఏది తెరిచినా వెనక పేజీలో 'ప్రతులకు' అని పుస్తకాల దుకాణాల చిరునామాలు నాలుగైదు, ఫోన్ నంబర్లతో సహా ఉంటాయి. 'సర్వహక్కులు రచయితవి' అన్న ఒక్క ముక్క పైన ఉంటుంది. ఆ రచయిత పోయి పాతికేళ్లయినా, ఎన్నో ముద్రణ అయినా, ఆ ముక్క మారదు. పుస్తకం కొనాలంటే చిరునామా ఉంది, అనుమతి అడగాలంటే లేదు. ఎంత వెతికినా హక్కుదారు దొరకని పుస్తకాల విషయంలో లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవడానికి చట్టంలో 31ఎ సెక్షన్ ఉంది కానీ, కావలిలో ఉండి 300 కాపీలు వేసుకునే టీచరమ్మ పత్రికా ప్రకటనలు ఇచ్చి, లాయరును పెట్టుకుని ఆ దారిన వెళ్లగలదా? అందుకే ప్రచురణకర్తలు ప్రతి పునర్ముద్రణలోనూ 'ప్రతులకు' కింద 'అనుమతులకు' అని మరొక వరుస చేర్చి, హక్కుదారులదో వారి తరఫువారిదో చిరునామా ఇవ్వాలని కోరుతున్నాను. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు. కుటుంబ సభ్యులు కూడా, వచ్చిన ఉత్తరానికి కాదనైనా సరే సమాధానం రాయాలని నా విన్నపం. నెలలు గడిచినా సమాధానం రాకపోవడంతోనే చాలామంది మౌనాన్ని అంగీకారంగా తీసుకుని ప్రెస్సుకు వెళ్లిపోతున్నారు.

ట్రంకురోడ్డు చుట్టుపక్కల ప్రెస్సుల వారికీ, డీటీపీ చేసేవారికీ నా మాట ఒకటే. పెళ్లిపత్రిక ప్రూఫు మీద సంతకం లేనిదే మిషన్ ఎక్కించరు కదా, ఇంకొకరి పాత్ర ఉన్న పుస్తకానికి అనుమతి కాగితం జిరాక్సు కూడా అలాగే అడిగి ఫైలులో పెట్టుకోండి. మీ పత్రిక సాహిత్య పేజీ కూడా సమీక్షకు రెండు ప్రతులు పంపమని అడిగే చోటే, ఇతరుల పాత్రలతో వచ్చిన పుస్తకాలకు అనుమతి పత్రం నకలు జతచేయాలని ఒక వాక్యం ప్రచురిస్తే, ఈ రెండు జిల్లాల్లో రాసేవారికి ఆ సంగతి ఒక్క వారంలో చేరుతుంది.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.