కిడ్నీ మార్పిడికి ముందే ఆ పిల్లలకు టీకాలు వేయించండి

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడి కిడ్నీలు రెండూ పాడైతే నా కిడ్నీ ఒకటి పెట్టారు. ఆరోగ్యశ్రీ లేకపోతే ఆ ఆపరేషన్ చేయించడం మా వల్ల అయ్యేది కాదు. ఆ తర్వాతి మందులూ ఆ పథకం కిందే వస్తున్నాయి. ఆ మేలు మరిచిపోను. ఆపరేషన్‌కు ముందే జరగాల్సిన ఒక పని గురించి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ మాత్రలు రోజూ వేస్తున్నాం. ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ ఇలాంటి మందులు తప్పవు. ఇవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. అందుకే పక్కింటి పిల్లాడికి వారం పది రోజుల్లో తగ్గిపోయే ఆటలమ్మ, మావాడికి వస్తే ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి తేవచ్చు. ఊళ్లలో ఇప్పటికీ ఆటలమ్మ పోస్తే వేపమండలు కట్టి, మందు వేయొద్దంటారు. ఇలాంటి బిడ్డను మాత్రం వెంటనే ఆసుపత్రిలో చేర్చి వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు మొదలుపెట్టాలి.

దీనికి టీకా ఉంది. కాకపోతే ఆటలమ్మ, తట్టు టీకాల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. కాబట్టి మార్పిడి తర్వాత మామూలుగా వాటిని వేయరు. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే వేయించాలి. తట్టు టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. ఆటలమ్మ టీకా జాతీయ టీకాల పట్టికలోనే లేదు. బయట డోసు దాదాపు 2,000 రూపాయలు, రెండు డోసులు కావాలి. అయినా మమ్మల్ని ఆపింది డబ్బు కాదు, అసలు ఆ టీకా సంగతి ఎవరూ చెప్పకపోవడం. ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక తెలిసింది, అప్పటికి వ్యవధి లేదు. ఇప్పుడు స్కూల్లో ఎవరికి ఆటలమ్మ పోసిందన్నా ఇంట్లో అందరికీ టెన్షనే.

పోలియో చుక్కలదీ ఇదే సమస్య. వాటిలోనూ సజీవ వైరస్ ఉంటుంది, చుక్కలు వేసుకున్న పిల్లల మలంలో అది కొన్ని వారాల పాటు బయటికి వస్తుంది. అందుకే మావాడికే కాదు, నాలుగేళ్ల మా పాపకూ చుక్కలు వద్దని, పోలియో ఇంజెక్షనే వేయించమని డాక్టర్ చెప్పారు. పల్స్ పోలియో రోజున ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తకు ఇదంతా నేనే వివరించాను. ఆమెను తప్పుపట్టను, ఆమెకు ఎవరు చెప్పారు గనక?

అయ్యా, పిల్లలకు డయాలసిస్ మొదలుపెట్టగానే టీకాల కార్డు చూడాలని ఆసుపత్రులకు ఆదేశమివ్వండి. ఆటలమ్మ టీకా రెండు డోసులూ ఆ బిడ్డకూ, తోబుట్టువులకూ ఆరోగ్యశ్రీలో ఉచితంగా ఇప్పించండి. మార్పిడి అయిన పిల్లలున్న ఇళ్లలో ఏ టీకా వేయాలో, ఏది వేయకూడదో ఆశాలకూ ఏఎన్ఎంలకూ తెలుగులో రాసి పంపండి.

మావాడికి ఆ అవకాశం దాటిపోయింది. చనిపోయినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని ఎదురుచూస్తున్న పిల్లలకు ఏ అర్ధరాత్రి ఫోన్ వస్తుందో తెలియదు. వాళ్ల టీకాలు ఈ నెలలోనే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక తల్లి, నల్గొండ జిల్లా