కోరంగిలో మావాడి కళ్ళజోడు వెతికిపెట్టినవాళ్ళకి

మొన్న ఆదివారం కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీంచి మా చిన్నోడి కళ్ళజోడు నీళ్ళలో పడిపోయింది. దాన్ని తీసిపెట్టినవాళ్ళకి, తీసేదాకా మాతో ఉన్నవాళ్ళకి ఈ నాలుగు మాటలు. ఆ కంగారులో ఒక్కరి పేరూ అడగలేదు. తాళ్ళరేవు, చొల్లంగి వైపు వాళ్ళెవరైనా చదివితే దయచేసి వాళ్ళ చెవిన వేయండి.

మావాడికి ఏడేళ్ళు, మైనస్ ఆరు పవరు. విశాఖ జూకి తీసుకెళ్ళమని సంక్రాంతి నుంచి ఒకటే గొడవ. అమలాపురం నుంచి విశాఖంటే పిల్లాడితో ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరం కాదు. "కోరంగిలో బావురుపిల్లి ఉంటుందిరా, చిన్న పులిలా ఉంటుంది, నీళ్ళలో దూకి చేపలు పడుతుంది" అని ఆశపెట్టి బస్సెక్కించాను. అది ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుందని మాత్రం చెప్పలేదు. ఎదుర్లంక దగ్గర గౌతమి దాటి, యానాం మీదుగా మేం చేరేసరికి పదకొండు. నిండు పోటు. చెట్ల మొదళ్ళన్నీ నీళ్ళలోనే ఉన్నాయి.

బావురుపిల్లి ఏదీ, ఏదీ అంటూ వాడు అంచు కర్ర మీంచి బాగా ముందుకి వంగాడు. కళ్ళజోడు జారి టపుక్కున పడింది. వెనకాల తాడు కట్టమని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. కొంటాను, కొంటాను అని నేనే నెలలు గడిపేశాను.

నేను కొమ్మ పట్టుకుని దిగబోతుంటే కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి ఆపారు. "అది తిల్లచెట్టండీ. విరిగితే పాలు కారతాయి, కంట్లో పడితే చూపు పోద్ది" అన్నారు. కళ్ళజోడు కోసం వెళ్ళి నా కళ్ళు పోగొట్టుకునేదాన్నే.

అప్పుడు వచ్చారు పిన్నిగారు. అక్కడ వంతెన ఊడ్చే ఆవిడ. నీళ్ళకేసి ఒకసారి చూసి, నడుముకి చుట్టుకున్న ఎర్రగుడ్డ అంచు చింపి, సరిగ్గా కళ్ళజోడు పడినచోట కర్రకి కట్టారు. "ఇప్పుడు దిగితే కెలికినట్టే అవుద్దమ్మా. పోటు తీయనియ్యండి. ఈ వేళ్ళ మధ్య పడింది కొట్టుకుపోదు" అన్నారు. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడి ఉండేవి మడచెట్టు ఊపిరి వేళ్ళేనట. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటిని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. నీళ్ళు తీసేదాకా ఎంతసేపని అడిగితే మూడు దాటుతుందన్నారు.

నాలుగు గంటలు. ఏడుస్తున్న పిల్లాడు, కళ్ళజోడు లేకపోతే వాడికి జానెడు దూరం అవతల అంతా మసకే.

కాకినాడ నుంచి స్నేహితులతో వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి వాడి పక్కన కూర్చుంది. చెల్లీ, ఆ ఉపాయం నీకెలా తట్టిందో! ఫోన్‌లో దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగి, ఆ ఫోన్ వాడి ముక్కు దగ్గర పెట్టింది. దగ్గరిది వాడికి బాగానే కనబడుతుంది కదా! కొంగలు, లకుముకి పిట్ట, ఒక్క డెక్క మాత్రం ఒళ్ళంత పెద్దగా ఉన్న మగ పీతలు, అన్నీ వాడు అలా ఫోన్‌లోనే చూశాడు. స్నేహితులు పడవ దగ్గరికి పోదామని పిలుస్తున్నా గంటకి పైగా కదల్లేదు ఆ పిల్ల. రావులపాలెం నుంచి వచ్చిన కుటుంబం పులిహోర పెట్టింది. వాళ్ళ తాతగారు ఒకప్పుడు కోరంగి ఓడల రేవని, 1839 తుపానుకి దెబ్బతిన్నదని చెబుతుంటే వాడు ఏడుపు మానేసి, "ఆ ఓడలు కూడా ఈ నీళ్ళలోనే పడ్డాయా?" అని అడిగాడు.

మూడున్నరకి పిన్నిగారు చీర ఎగ్గట్టి, ఎర్రగుడ్డకి తిన్నగా బురదలో దిగారు. మోకాళ్ళ దాకా కూరుకుపోతూ, చేత్తో ఒక్కొక్క వేరూ తడుముకుంటూ వెళ్ళారు. పది నిమిషాలు పట్టిందేమో. రెండు ఊపిరి వేళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. నేను గబుక్కున కొంగుతో తుడవబోతే కసిరారు. "ఇసకుంటదమ్మా, గీతలు పడతాయి. ముందు మంచినీళ్ళు పొయ్యి."

పెట్టుకోగానే వాడు చూసింది బురదలో గెంతే చేపని. రెక్కల మీద దేక్కుంటూ వచ్చి, ఒక వేరు పక్కన ఆగింది. "అమ్మా, దానికి కళ్ళు నెత్తిమీద ఉన్నాయి, పడిపోవు!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, నాకైతే ఏడుపొచ్చింది. బావురుపిల్లి కనబడలేదు. దాని ఊసే ఎత్తలేదు వాడు.

పిన్నిగారూ, డబ్బులిస్తే మీరు పుచ్చుకోలేదు. చివరి బస్సు టెన్షన్‌లో నేను మీకు సరిగ్గా దండం కూడా పెట్టలేదు. వచ్చే నెల మళ్ళీ వస్తాం, ఈసారి పోటు తీసే వేళ కనుక్కుని మరీ వస్తాం.

అన్నట్టు, మీరు కర్రకి కట్టిన పీలిక మాతోపాటే వచ్చేసింది. మంగళవారం కొన్న తాడు డబ్బాలోనే ఉంది. వాడి కళ్ళజోడుకి వెనకాల కట్టింది మీ ఎర్రగుడ్డే. బడికి కూడా దాంతోనే వెళుతున్నాడు.