మా అన్నయ్య ఇల్లు మారాడు: కొందరికి కృతజ్ఞతలు

రేపు తీరిగ్గా కూర్చుని రాద్దామనుకున్నాను. కానీ రేపటికి ఇంకో ఫారం, ఇంకో ఫోన్ మీద పడతాయి. ఒళ్లంతా నొప్పులు, కళ్లు మంటలు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. వాక్యాలు కుదరకపోతే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా అన్నయ్యకి పుట్టుకతోనే మేధో వైకల్యం. మాటలు రావు. మూర్ఛ కూడా ఉంది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక సంస్థలో చేరాడు, అక్కడే జుట్టు నెరిసింది. ఆ సంస్థను మూసేస్తున్నామని మాకు నోటీసు వచ్చింది. చివరికి ఒక చిన్న ఇంట్లో గది దొరికింది. నలుగురే ఉంటారు, రాత్రీ పగలూ తోడుగా సిబ్బంది ఉంటారు. అన్నయ్య ఇప్పుడు అక్కడున్నాడు. బాగానే ఉన్నాడు.

మా ఆయనకి, పిల్లలకి, సెలవు పెట్టి వచ్చి సామాన్లు మోసిన తమ్ముడికి థాంక్స్. ఇంతకంటే రాస్తే మీరే నవ్వుతారు.

ఇక అసలు మనిషి గురించి. కొత్త ఇంట్లో పనిచేసే కేర్‌టేకర్ ఒకాయన. పేరు రాయొద్దన్నారు, రాయను. మాకు చుట్టం కాదు, అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. ఆ ఇంట్లో చోటు ఖాయమైందని తెలిసిన వారంలోనే పాత చోటికి వచ్చి, అన్నయ్యను చూడొచ్చా అని అడిగారు. ఫైలు చూస్తారేమో అనుకున్నాను. ఫైలు తర్వాత చూస్తానమ్మా అని చెప్పి, అన్నయ్య మంచానికి కాస్త దూరంగా కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్నారు. పలకరించలేదు, చెయ్యి పట్టుకోలేదు. అన్నయ్య ఆయన్ని ఓ చూపు చూసి అటు తిరిగిపోయాడు. ఆయన ఇంకాసేపు కూర్చుని వెళ్లిపోయారు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ వచ్చారు. అవి ఆయన సెలవు రోజులని నాకు వేరేవాళ్లు చెబితే తెలిసింది.

అలా కూర్చుని ఆయన ఏం చూశారో తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. అన్నయ్య ఎప్పుడూ తలుపు కనబడేలా ఒత్తిగిలి పడుకుంటాడు. వరండా లైటు సన్నగా లోపలికి పడాలి, లేకపోతే లేచి కూర్చుంటాడు. స్నానానికి వెళ్లేటప్పుడు ఎడమచేత్తో గోడ తడుముకుంటూ నడుస్తాడు. గడ్డం గీయాలంటే అద్దం ముందు నిలబడి చుబుకం పైకెత్తుతాడు, అంతకుముందు ఎవరైనా బ్లేడు తీసుకుని వస్తే కొడతాడు. ఫైల్లో మాత్రం ‘షేవింగ్ సమయంలో దూకుడు ప్రవర్తన’ అని ఉంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క లైనుతోనే సరిపెట్టారు.

కొత్త గదిలో మంచాన్ని తలుపు కనబడే వైపుకి తిప్పించారు. అలమరా పాత గదిలో ఎటు ఉందో అటే పెట్టించారు. బాత్రూముకి వెళ్లే దారిలో ఎడమవైపు గోడకి ఆనించి ఉన్న బల్లను తీయించేశారు. మారడానికి కొన్ని రోజుల ముందే కొత్త గది దుప్పటి తెచ్చి అన్నయ్య పాత మంచం మీద పరిచారు. మారిన రోజు దాన్నే ఉతక్కుండా వెనక్కి తీసుకెళ్లారు. నేను ఉతికి ఇస్తానంటే, వద్దమ్మా, కొత్త చోట తెలిసిన వాసన ఒక్కటైనా ఉండాలి అన్నారు.

ఒక నర్సు చెప్పింది, చోటు మారినప్పుడు వచ్చే ఈ దిగులుకి, తికమకకి, నిద్ర పట్టకపోవడానికి ‘రీలొకేషన్ స్ట్రెస్ సిండ్రోమ్’ అని పేరే ఉందట. ఉత్తర అమెరికా నర్సింగ్ నిర్ధారణల సంఘం 1992లోనే దాన్ని తమ జాబితాలో చేర్చింది. అంటే ఇది నిన్నమొన్న కనిపెట్టిన సంగతి కాదు. మరి ఈ బదిలీలు ప్లాన్ చేసేవాళ్లకి ఎందుకు తెలియదో! బీరువాను మార్చేటప్పుడు కూడా గుమ్మం కొలతలు తీసుకుంటాం కదా.

ఈ బదిలీ ప్లాన్ చేసిన మీటింగు సంగతి రాయకుండా ఉండలేను. పొడుగాటి బల్ల, చుట్టూ మనుషులు, ఎక్కడ ఖాళీ ఉంది, బండి ఏ రోజు దొరుకుతుంది అనే మాటలు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషికి అక్కడ కుర్చీ లేదు. అన్నయ్యను అడిగారా అన్నాను. మాటలు రాని మనిషిని ఎలా అడుగుతామమ్మా అని నన్నే ఎదురడిగారు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2006లో వచ్చింది. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో మిగతా అందరిలాగే వాళ్లూ ఎంచుకోవచ్చని అందులో 19వ అధికరణం చెబుతుంది. మాటలు వచ్చినవాళ్లకే అని ఎక్కడా లేదు.

ఎలా అడగాలో ఈ కేర్‌టేకర్‌గారు చేసి చూపించారు. ఆ ఇంట్లో అప్పటికి రెండు గదులు ఖాళీ. అన్నయ్యను తీసుకెళ్లి రెండూ చూపించారు. తొందరపెట్టలేదు. మొదటి గదిలోంచి అన్నయ్య వెంటనే బయటికి వచ్చేశాడు. రెండో గదిలో కిటికీ దగ్గర నేలమీద కూర్చుని ఇక లేవలేదు. ఆయన నా వైపు తిరిగి, చెప్పేశారు కదా అన్నారు. ఆ తర్వాత ఒకసారి భోజనానికి, ఒకసారి రాత్రి పడుకోవడానికి తీసుకొచ్చారు. ఈ గదులు చూపించడానికి ముందు, మొట్టమొదటిసారి తీసుకెళ్లినప్పుడైతే పెరట్లోనే కూర్చోబెట్టి పంపేశారు, లోపలికి రమ్మని కూడా అనలేదు.

మారిన రోజు బండి గేటు ముందు ఆగింది. అన్నయ్య దిగలేదు. సీటు గట్టిగా పట్టుకుని తల వంచేశాడు. నా గుండె జారిపోయింది. వెంట వచ్చినవాళ్లలో ఒకరు వాచీ చూసుకుంటున్నారు, ఇంకొకరు ఇద్దరం పట్టుకుని దించుదామన్నారు. ఈయన వద్దని చెయ్యి ఊపి, ఇంజిన్ ఆపించి, బండెక్కి అన్నయ్య పక్కన కూర్చున్నారు. మళ్లీ అదే పని, ఊరికే కూర్చోవడం. ఎండ పొద్దు వాలేదాకా కూర్చున్నారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనకుండానే అన్నయ్య ఒక కాలు కింద పెట్టాడు. కాసేపాగి రెండోది. ఆయన ముందు నడవలేదు, వెనకే వచ్చారు.

ఆ రాత్రి ఆయన డ్యూటీ అయిపోయినా వెళ్లలేదు. పొద్దున్నే ఫోన్ మోగింది. ఏం వినాల్సి వస్తుందోనని టెన్షన్‌గా ఎత్తాను. “అమ్మా, మీ అన్నయ్యగారు అద్దం ముందు నిలబడి గడ్డం చూపిస్తున్నారు. గీసేస్తున్నాను, మీకో మాట చెబుదామని” అన్నారు, అంతే. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. అటుగా వెళ్తున్న ఒకావిడ ఆగి, ఏమైందమ్మా అని అడిగింది. మా అన్నయ్య గడ్డం గీయించుకుంటున్నాడండీ అని చెప్పాను. ఆవిడ ఏమనుకుందో ఏమో!

ఇంకోటి కూడా ఆయనే అడిగారు, మా ఎవరికీ తట్టలేదు. పాత గదిలో అన్నయ్య పక్క మంచం ఆయనకి ఈ సంగతి ఎవరు చెప్పారు అని. ఎవరూ చెప్పలేదు. ఏళ్ల తరబడి పక్కపక్కన పడుకున్న మనిషి ఒక రోజు లేచేసరికి మంచం ఖాళీ! ఈయన వెళ్లి చెప్పారు, కొత్త గది ఫోటో చూపించారు. ఇప్పుడు వాళ్లిద్దరికీ వీడియో కాల్ కలుపుతున్నారు. అన్నయ్య ఫోన్ తెరను తడుతుంటాడు, అటువైపు ఆయన నవ్వుతుంటాడు.

ఇంత బాగా జరిగింది కదా, ఫిర్యాదు ఎందుకు అంటారేమో. ఫైలు రాలేదు. మనిషిని పంపారు, రెండు సంచుల బట్టలు పంపారు, కాగితాలు మాత్రం రాలేదు. పాత ఆఫీసుకి ఫోన్ చేస్తే పంపేశామంటారు, కొత్త ఆఫీసుకి చేస్తే అందలేదంటారు. మూర్ఛ మాత్రలు కొన్నే ఇచ్చారు. ఉన్నట్టుండి ఆ మాత్రలు ఆపితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, ఆగకుండా వచ్చే ప్రమాదం కూడా ఉంది. పాత చీటీ లేకుండా మోతాదు రాయనని కొత్త డాక్టరు అన్నారు, అందులో ఆయన తప్పేం లేదు. పైగా మార్చింది వరుస సెలవులకి ముందు రోజు, బండి ఆ రోజే ఖాళీ అట. మందులు కనీసం నెలకి సరిపడా, మోతాదు రాసిన కాగితంతో సహా, మనిషి చేతికే ఇచ్చి పంపాలని ఒక నియమం పెట్టలేరా? ఆయన సెలవు రోజుల్లో చేసిన పనంతా డ్యూటీలోనే, జీతంతో చేయించాల్సిన పని కాదా? ఒక మంచి మనిషి తగిలాడు కాబట్టి మా పని అయింది. తగలనివాళ్ల సంగతేంటి?

అయ్యో, మందుల మాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. పాత చోట పనిచేసిన సిస్టర్ సెలవులో ఉండి కూడా తన దగ్గరున్న చార్టు ఫోటోలు తీసి పంపింది. ఆవిడ పంపకపోతే ఏమయ్యేదో. పైన రీలొకేషన్ సంగతి చెప్పిన నర్సు కూడా ఆవిడే, అక్కడే రాయాల్సింది.

ఇంకా, ఇంజిన్ ఆపేసి ఒక్కసారి కూడా హారన్ కొట్టకుండా కూర్చున్న డ్రైవర్‌గారు. కొత్త ఇంట్లో ఉండే మిగతా ముగ్గురు, ముఖ్యంగా టీవీ ముందు తన కుర్చీని అన్నయ్యకి వదిలేసిన పెద్దాయన. అన్నయ్య బట్టల మీద పేరు కుట్టిచ్చిన పాత చోటి ఆయా, ఈ హడావిడిలో ఆవిడకి సరిగ్గా చెప్పి కూడా రాలేదు. మందుల షాపు అబ్బాయి. ఇంకెవరినైనా వదిలేస్తే కామెంట్లో తిట్టండి, చేరుస్తాను. ఫైలు ఎవరి దగ్గరుందో వాళ్లు కూడా కామెంట్ పెట్టొచ్చు.